వెల్డింగా, మెషినింగా? విశాఖలో ఏ శిక్షణ ఎవరికి కుదురుతుంది

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం నుంచి మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "అన్నయ్యా, మావాడికి ఐటీఐలో వెల్డర్ వస్తుంది, మెషినిస్టు కూడా వస్తుందట. ఏది వేయించమంటావు?" అని అడుగుతారు. పెదగంట్యాడ నుంచి చేస్తారు, మల్కాపురం నుంచి చేస్తారు, మా అత్తవారి ఊరు నుంచీ చేస్తారు. సీటు ఖాయం చేసుకోవడానికి అప్పటికి రెండు రోజులే మిగిలి ఉంటాయి. ఆ టెన్షన్‌లో ఫోన్లో పది నిమిషాలు చెప్తే ఏమీ బుర్రకెక్కదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను హెల్పర్‌గా గ్రైండింగ్ మెషిన్ పట్టుకుని ఫ్యాబ్రికేషన్‌లోకి, అంటే ఇనుము కోసి అతికే పనిలోకి వచ్చాను. తర్వాత వెల్డర్‌నయ్యాను, ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. మా అన్నయ్య గాజువాక ఆటోనగర్‌లో లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే మెషిన్) మీద మొదలుపెట్టి, ఆ తర్వాత హోసూరు వెళ్లి సీఎన్‌సీ సెట్టర్ అయ్యాడు, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్‌ని పనికి సిద్ధం చేసేవాడు. ఒకే ఇంట్లో రెండు పనులూ దగ్గర నుంచి చూసినవాణ్ణి కాబట్టి ఒకదాన్ని ఎత్తి, ఇంకోదాన్ని దించాలని నాకు లేదు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ఇల్లు ఎంతకాలం ఆగగలదు. ఏడాదిలో జీతం రాకపోతే గడవని ఇల్లు ఉంటుంది, మూడేళ్లు ఆగగలిగే ఇల్లు ఉంటుంది. ఈ మాట పిల్లాడి ముందు దాచకుండా మాట్లాడుకోవాలి. సగంలో మానేసిన రెండేళ్ల కోర్సు కంటే, పూర్తి చేసిన ఏడాది కోర్సు మేలు.

రెండోది, చేతికి ఎన్ని గంటలు పని దొరుకుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇదే, కానీ దీన్ని ఎవరూ అడగరు. ఐటీఐ సిలబస్‌లో ఏడాదికి 840 గంటల ప్రాక్టికల్ ఉంటుంది. వినడానికి చాలా ఎక్కువ. కానీ బ్యాచ్‌లో 20 మంది ఉండి, పనిచేసే మెషిన్లు 5 ఉంటే, ఒక్కొక్కరి వాటా 210 గంటలే. అందులో కరెంటు పోయిన రోజులు, సారు లేని రోజులు, వెల్డింగ్ రాడ్లు అయిపోయిన రోజులు తీసేయండి. వెల్డింగ్ అయినా టర్నింగ్ అయినా చేతికి రావాల్సిన పని. పుస్తకంలో ఎంత చదివినా, ఆర్క్ (రాడ్డు కొసకూ ఇనుముకూ మధ్య వచ్చే మెరుపు) పొడవు ఎంత ఉంచాలో మణికట్టుకే తెలియాలి.

మూడోది, ఊరు వదలగలరా లేదా. నాలుగోది శరీరం, ముఖ్యంగా కళ్లు. అయిదోది కాగితం, అంటే ఆ సర్టిఫికెట్ ఏ ఉద్యోగాలకు పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్నది.

| దారి | కాలం | చేరడానికి చదువు | మొదటి సంపాదన | ప్రధానమైన చిక్కు |
|---|---|---|---|---|
| ఐటీఐ వెల్డర్ | 1 ఏడాది | 8వ తరగతి పాస్ | త్వరగా, ఊళ్లోనే | కొన్ని ప్రభుత్వ ఉద్యోగాలకు అర్హత ఉండదు |
| ఐటీఐ టర్నర్ లేదా మెషినిస్ట్ | 2 ఏళ్లు | 10వ తరగతి పాస్ | ఆలస్యం | మంచి జీతానికి ఊరు వదలాల్సి రావచ్చు |
| మెకానికల్ డిప్లొమా | 3 ఏళ్లు | 10వ తరగతి, పాలిసెట్ | ఇంకా ఆలస్యం | చేతిపని తక్కువ |
| ప్రైవేటు షార్ట్ కోర్సు | కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు | సంస్థను బట్టి | చేతిపనిని బట్టి | ఖర్చు ఎక్కువ, నాణ్యతకు హామీ లేదు |
| షాపులో హెల్పర్ | గడువు లేదు | అక్కర్లేదు | మొదటి వారం నుంచే, కొద్దిగా | కాగితం ఉండదు |

## ఐటీఐ వెల్డర్

విశాఖకు వెల్డింగ్ కొత్త కాదు. 1948లో సింధియా యార్డు నుంచి జలఉష ఓడ నీళ్లలోకి దిగింది. ఆ యార్డే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. దాని తర్వాత ప్రెజర్ వెసల్స్ (లోపలి ఒత్తిడిని తట్టుకునే పెద్ద ట్యాంకులు) చేసే బీహెచ్‌పీవీ వచ్చింది. అది 2013లో బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయినా మనవాళ్లు ఇంకా బీహెచ్‌పీవీ అనే అంటారు. స్టీల్ ప్లాంట్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, నేవల్ డాక్‌యార్డ్, పరవాడ ఫార్మా కంపెనీలు, అచ్యుతాపురం సెజ్ అన్నీ ఉన్నాయి. ఇన్ని చోట్ల ప్లేట్లు, పైపులు, ట్యాంకులు ఉన్నాయంటే వాటిని అతికే చెయ్యి కావాలి. ఊరు వదలకుండా పని దొరికే అవకాశం మెషినింగ్ కంటే వెల్డింగ్‌కే ఎక్కువ.

కంచరపాలెంలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం. 8వ తరగతి పాసైనా వెల్డర్ ట్రేడ్‌లో చేరవచ్చు కాబట్టి, పదో తరగతి గట్టెక్కని పిల్లలకు గుర్తింపు ఉన్న దారి ఇది. అలాగని పదో తరగతి వదిలేయవద్దు. ఓపెన్ స్కూల్లో కట్టించి అయినా పాస్ చేయించండి. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం వెళ్లే ముందు తీసుకునే ప్రభుత్వ అనుమతి) అక్కర్లేని కేటగిరీ వస్తుంది. రేపు గల్ఫ్ వెళ్లాలంటే ఆ ఒక్క కాగితం చాలా తిప్పలు తప్పిస్తుంది.

వెల్డర్ ట్రేడ్‌కి ఉన్న లోటు కూడా చెప్పాలి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ లాంటి ట్రేడ్‌లు పనికొస్తాయి, వెల్డర్ ట్రేడ్ ఆ జాబితాలో ఉండదు. మా వీధిలో ఒక అబ్బాయి రైలు ఇంజన్ నడపాలని చిన్నప్పటి నుంచి అనేవాడు. ఏడాదిలో అయిపోతుందని వెల్డర్‌లో చేరాడు. నోటిఫికేషన్ వచ్చాక ఈ సంగతి తెలిసి వాడు ఏడ్చిన రోజు నాకు గుర్తుంది. రైల్వే మీద ఆశ ఉన్నవాళ్లు చేరకముందే ఆలోచించుకోవాలి.

పని ఎలా ఉంటుందో కూడా తెలియాలి. మే నెలలో ట్యాంకు లోపల కూర్చుని వెల్డింగ్ చేయడమంటే నిప్పుల కుంపటి పక్కన కూర్చున్నట్టే. ఓడ అడుగున ఉండే ఇరుకు గదుల్లో మోకాళ్ల మీద పాకుతూ చేయాలి. షీల్డ్ లేకుండా ఒక్క నిమిషం ఆర్క్ చూసినా, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. జింకు పూత ఉన్న రేకును వెల్డ్ చేస్తే వచ్చే పొగ పీల్చినవాళ్లకు సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పొగ ఇంకా చెడ్డది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లల్ని ఈ పనికి పంపవద్దని నేను గట్టిగా చెప్తాను.

## టర్నర్, మెషినిస్ట్

రెండూ రెండేళ్ల ట్రేడ్‌లు. టర్నర్ అంటే ముఖ్యంగా లేత్, తిరిగే జాబ్ (చెక్కాల్సిన ఇనుప ముక్క) మీద బిట్‌తో చెక్కడం. మెషినిస్ట్‌కి మిల్లింగ్, షేపింగ్, గ్రైండింగ్ కూడా వస్తాయి. రెంటికీ సీటు వస్తే నేను మెషినిస్ట్ తీసుకోమంటాను, నేర్చుకునే మెషిన్లు ఎక్కువ కాబట్టి.

ఈ పనికి కావాల్సింది ఓపిక, లెక్క. సైజు కొలిచే వెర్నియర్ 0.02 మిల్లీమీటర్ల దాకా చూపిస్తుంది, మైక్రోమీటర్ 0.01 దాకా. సైజు ఒక్కసారి దాటిపోయిందా, ఆ జాబ్ స్క్రాపే. వెల్డింగ్‌లో లోపం వస్తే గ్రైండ్ చేసి మళ్లీ వేయవచ్చు. లేత్ మీద ఎక్కువ చెక్కేసిన ఇనుమును వెనక్కి తేలేం. లెక్కలంటే భయపడే పిల్లాడికి ఇది కష్టమే. డ్రాయింగ్ గీయడం ఇష్టమైన పిల్లాడికి మాత్రం ఇందులో ఎదగడానికి చోటు ఉంటుంది.

మన ఊళ్లో మెషినింగ్ పని లేకపోలేదు. ఆటోనగర్ షాపుల్లో షాఫ్టులు, బుష్‌లు, పాడైన స్పేర్లు చేస్తారు, పెద్ద ప్లాంట్ల మెయింటెనెన్స్ షాపుల్లోనూ లేత్‌లు, మిల్లింగ్ మెషిన్లు ఉంటాయి. కానీ రోజుకు వేల పీసులు చేసే సీఎన్‌సీ పరిశ్రమ ఎక్కువగా హోసూరు, బెంగళూరు, చెన్నై, కోయంబత్తూరు, పుణె, హైదరాబాద్‌ల వైపు ఉంది. మా అన్నయ్య ఊళ్లోనే ఉంటానని నాలుగేళ్లు పట్టుబట్టాడు. చివరికి హోసూరు వెళ్లాకే జీతం కదిలింది. అమ్మ ఇప్పటికీ వాడి గది తలుపు తీసి చూసుకుంటుంది. ఊరు వదలడమంటే జీతం లెక్క ఒక్కటే కాదు కాబట్టి ఇది కూడా చెప్తున్నాను.

సీఎన్‌సీలో ఒక ఊబి ఉంది. జాబ్ బిగించి, సైకిల్ స్టార్ట్ బటన్ నొక్కి, అయ్యాక తీసి ట్రేలో పెట్టడం. ఆపరేటర్ పేరుతో ఇదొక్కటే చేస్తూ అయిదేళ్లు గడిపేసినవాళ్లు ఉన్నారు. టూల్ ఆఫ్‌సెట్ (టూల్ సైజు లెక్క) ఇవ్వడం, జీ54లో వర్క్ ఆఫ్‌సెట్ (జాబ్ ఎక్కడుందో మెషిన్‌కి చెప్పే లెక్క) పెట్టడం, ప్రోగ్రామ్‌లో టూల్‌ని కదిలించే జీ01, జీ02, జీ03 ఆదేశాలు చదివి ఎక్కడ తప్పుందో పట్టుకోవడం వస్తే సెట్టర్ అవుతారు. అక్కడి నుంచి ప్రోగ్రామర్. చేరిన ఏడాదిలోపు సెట్టింగ్ నేర్పించే షాపు కాకపోతే అక్కడ పాతుకుపోవద్దు. అలాగే మామూలు లేత్ రాకుండా నేరుగా సీఎన్‌సీకి వెళ్లినవాళ్లకు, కటింగ్ శబ్దం మారితే టూల్ అరిగిందని పట్టుకోవడం చాలా ఆలస్యంగా తెలుస్తుంది. రెండేళ్ల ఐటీఐ అక్కడ పనికొస్తుంది.

## షార్ట్ కోర్సులు, 6జీ సంగతి

గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా గోడల మీద, ఆటోల వెనకాల 6జీ అనే మాట కనిపిస్తుంది. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, కదపకుండా చుట్టూ వెల్డింగ్ చేసే పరీక్ష అది. కింద నుంచి, పక్క నుంచి, తల మీద నుంచి అన్ని పొజిషన్లూ ఒకే జాయింట్‌లో వస్తాయి. సాధారణంగా రూట్ పాస్ (జాయింట్ అడుగున వేసే మొదటి వరస) టిగ్‌తో, అంటే గ్యాస్ రక్షణలో టార్చ్‌తో చేసే వెల్డింగ్‌తో వేసి, పైన ఆర్క్ రాడ్డుతో నింపుతారు. తర్వాత ఎక్స్‌రే తీస్తారు, లేదా ముక్కలు కోసి వంచి చూస్తారు. పాసైతే పైపు పనిలో అన్ని పొజిషన్లకూ అర్హత వచ్చినట్టే. మరమ్మతులకు రిఫైనరీని ఆపే షట్‌డౌన్‌లలో, గల్ఫ్ ప్రాజెక్టుల్లో మంచి రేటు వచ్చేది ఇలాంటి వెల్డర్లకే.

అయితే గోడ మీద రాయని సంగతి ఒకటి ఉంది. పైపింగ్ పనుల్లో ఎక్కువగా వాడే అమెరికా ప్రమాణం ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 ప్రకారం, ఒక ప్రాసెస్‌లో (టిగ్, ఆర్క్ లాంటి వెల్డింగ్ పద్ధతిలో) ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత చెల్లదు. పైగా కొత్త సైట్‌కి వెళ్తే అక్కడి కంపెనీ మళ్లీ తన టెస్ట్ పెట్టుకుంటుంది. అంటే 6జీ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి గోడకు తగిలించుకునే డిగ్రీ లాంటిది కాదు. టెస్ట్ కూపన్ (పరీక్షకు వెల్డ్ చేసే ముక్క) ముందు కూర్చున్న రోజు చెయ్యి వణకకుండా రావాలి, అంతే. బాయిలర్ పనులకు ఐబీఆర్ (భారత బాయిలర్ నిబంధనల) సర్టిఫికెట్ వేరే. దాన్ని రాష్ట్ర బాయిలర్ల శాఖ ఇస్తుంది, అదీ గడువు ఉన్నదే.

మా మేనల్లుడి విషయంలో ఈ పొరపాటు మేమే చేశాం. నేను సైట్ పనిలో వేరే ఊళ్లో ఉండగా, ఒక ప్రైవేటు సంస్థలో మూడు నెలల 6జీ కోర్సుకు అప్పు చేసి కట్టారు. రోజుకు రెండు గంటలు ప్రాక్టికల్ అన్నారు. లెక్క వేస్తే మూడు నెలలకు 156 గంటలు. కానీ ఒక్కో బూత్‌కి నలుగురిని పెట్టారు, అంటే ఒక్కడికి 39 గంటలు. టిగ్ టార్చ్ సరిగ్గా పట్టుకోవడం కూడా రాని పిల్లాడికి 39 గంటల్లో 6జీ ఎలా వస్తుంది? సర్టిఫికెట్ ఇచ్చారు. మొదటి సైట్ టెస్ట్‌లో రూట్ సగం కరగలేదు, వెనక్కి పంపేశారు. తర్వాత ఏడాది పాటు ఫ్యాబ్రికేషన్ షాపులో ఆర్క్ వెల్డింగ్ చేసి, చెయ్యి కుదిరాక మళ్లీ టెస్ట్‌కి వెళ్లాడు. రెండోసారి ఎక్స్‌రే క్లియర్ అయింది. ఆ అప్పు మాత్రం అప్పటికీ తీరలేదు.

అందుకని షార్ట్ కోర్సు చెడ్డదని కాదు, అది వేసుకునే వరస ముఖ్యం. ముందు ప్లేటు మీద ఆర్క్, 1జీ (కింద పెట్టి చేసేది) నుంచి 4జీ (తల మీద చేసేది) దాకా గట్టిపడాలి. తర్వాత టిగ్. ఆ పైన పైపు. 6జీకి కట్టే డబ్బు, ఎదురుగా ఉద్యోగమో ఇంటర్వ్యూనో ఉన్నప్పుడు కట్టండి. షార్ట్ కోర్సు చేయాలంటే ప్రభుత్వ ఆధ్వర్యంలో ఉన్నవి ముందు చూడండి. అచ్యుతాపురం దగ్గర పూడిలో ఎంఎస్‌ఎంఈ టెక్నాలజీ సెంటర్ ఉంది, సాగరమాల పథకం కింద ఓడల నిర్మాణానికి సంబంధించిన నైపుణ్యాలు నేర్పే సెమ్స్ విశాఖలో ఉంది. స్వయంగా వెళ్లి ఇప్పుడు ఏ కోర్సు నడుస్తోందో, ఫీజు ఎంతో కనుక్కోండి.

గల్ఫ్ ఆశతో వచ్చేవాళ్లకు ఒక్క మాట. కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంట్ తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. అంతకు మించి లక్షలు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఏజెంట్ రిజిస్టర్ అయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు.

## డిప్లొమా

పాలిసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి, మూడేళ్లు ఇల్లు ఆగగలిగితే మెకానికల్ డిప్లొమాకే వెళ్లండి. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి కూడా దొరుకుతుంది. సూపర్‌వైజర్, క్వాలిటీ, డిజైన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది సరైనది. చేతిపని మాత్రం విడిగా నేర్చుకోవాలి. డిప్లొమా చేసి నా కింద చేరిన పిల్లల్లో, సెలవుల్లో ఏదో ఒక షాపులో కూర్చుని పని చూసినవాడు మూడు నెలల్లో దారిలో పడతాడు, లేనివాడికి ఏడాది పడుతుంది. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు కూడా లేటరల్ ఎంట్రీలో డిప్లొమా రెండో ఏడాదికి వెళ్లవచ్చు.

## మేస్త్రీ దగ్గర నేరుగా చేరడం

ఆటోనగర్‌లో మంచి మేస్త్రీ దగ్గర కుదిరితే, చేతికి దొరికే గంటల విషయంలో ఏ ఐటీఐ కూడా సాటిరాదు. నేను అలాగే వచ్చాను కాబట్టి తక్కువ చేసి మాట్లాడలేను. కానీ సర్టిఫికెట్ లేక పెద్ద ప్లాంట్లలో ఎన్నో ఏళ్లు హెల్పర్ గేట్‌పాస్ మీదే తిరిగాను, పని వెల్డర్‌ది, జీతం హెల్పర్‌ది. ఆ రోజులు మీ పిల్లాడికి వద్దు. షాపులో చేరక తప్పకపోతే, కొంత అనుభవం వచ్చాక ఐటీఐ పరీక్షకు ప్రైవేటు అభ్యర్థిగా కూర్చునే వీలుందేమో ఐటీఐలో అడగండి.

## ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్

దీన్ని చాలామంది పట్టించుకోరు. ఐటీఐ అయిన వెంటనే కాంట్రాక్టర్ దగ్గర నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని వెళ్లిపోతారు. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద పెద్ద సంస్థలు ఏటా పిల్లల్ని తీసుకుంటాయి. 2019 నిబంధనల్లో ఐటీఐ వాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలని పెట్టారు. డబ్బు తక్కువే. కానీ ఐటీఐలో చూడని మెషిన్లు, పెద్ద జాబ్‌లు, సేఫ్టీ పద్ధతులు అక్కడ కనిపిస్తాయి. చివర్లో నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

మన ఊళ్లో అందరూ కోరుకునేది నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్. ఇటీవలి నోటిఫికేషన్లలో పదో తరగతిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం మార్కులు అడిగారు, రాతపరీక్ష కూడా ఉంటుంది. కాబట్టి ఐటీఐలో చేరిన మొదటి రోజే ఆ 65ని గుర్తు పెట్టుకోండి. "ఐటీఐయే కదా, పాసైతే చాలు" అనుకున్న పిల్లలు ఇక్కడే ఆగిపోతున్నారు.

ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకుంటే సీఐటీఎస్ అనే ఏడాది కోర్సు ఉంది, వెల్డింగ్‌కీ ఉంది, మెషినింగ్‌కీ ఉంది. యాభై దాటాక మోకాళ్లు మొరాయించే వెల్డర్‌కి ఇది మంచి నీడ.

## మరి ఎవరికి ఏది

ఏడాదిలో సంపాదన కావాలి, ఊళ్లోనే ఉండాలి, ఒళ్లు గట్టిది, ఎండకు వెనకాడడు అంటే ఐటీఐ వెల్డర్, తర్వాత అప్రెంటిస్‌షిప్, ఆ తర్వాత టిగ్, 6జీ.

పదో తరగతిలో లెక్కలు బాగా వచ్చాయి, రెండేళ్లు ఆగగలరు, హోసూరో చెన్నైయో వెళ్లడానికి సిద్ధం అంటే మెషినిస్ట్. రైల్వే మీద కన్నున్నా ఇదే, లేదా ఫిట్టర్.

ఆడపిల్ల అయితే ఏది అని కొందరు తల్లులు నెమ్మదిగా అడుగుతారు. రెండూ చేయగలరు, టిగ్ రూట్ నిలకడగా వేసే అమ్మాయిల్ని నేను చూశాను. మీరు కనుక్కోవాల్సింది ట్రేడ్ గురించి కాదు, ఆ సంస్థలో విడిగా టాయిలెట్, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా, షిఫ్ట్ అయ్యాక బస్సు ఉందా అన్నది.

పుడిమడకలో గ్రీన్ హైడ్రోజన్, నక్కపల్లి దగ్గర కొత్త స్టీల్ ప్లాంట్ వస్తున్నాయి కదా, అక్కడ ఏ ట్రేడ్‌కి డిమాండ్ ఉంటుంది అని కూడా అడుగుతారు. నిర్మాణం జరిగే ఏళ్లలో వెల్డర్లు, ఫిట్టర్లు ఎక్కువ కావాలి. ప్లాంట్ నడిచేటప్పుడు మెయింటెనెన్స్‌కి అందరూ కావాలి. కానీ రాబోయే ప్లాంట్‌ని నమ్ముకుని పిల్లాడికి ఇష్టంలేని ట్రేడ్ వేయించవద్దు.

ఇప్పటికీ తేల్చుకోలేకపోతే, ఫీజు కట్టే ముందు ఆ సంస్థకు ఒక పనిరోజు ఉదయం 11 గంటలకు వెళ్లండి. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు (వాడుకలో ఎన్‌సీవీటీ అనుబంధం అంటారు) మీరు చేరబోయే ట్రేడ్‌కి ఉందా అని అడగండి. మెషిన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, అందులో తిరుగుతున్నవి ఎన్నో విడిగా లెక్కపెట్టండి. తర్వాత వెనక్కి నడిచి స్క్రాప్ డ్రమ్ము చూడండి. కాలి మిగిలిన రాడ్డు ముక్కలు, కోసి వంచిన కూపన్లు, లేత్ నుంచి రాలిన చుట్టల చుట్టల చిప్స్‌తో డ్రమ్ము నిండి ఉంటే అక్కడ పిల్లల చేతులు పనిచేస్తున్నాయి. డ్రమ్ము అడుగున తుప్పు, పైన సాలెగూడు కనిపిస్తే ఆ సంస్థకు డబ్బు కట్టకండి.